మా బంద

అది శివరామకృష్ణగారికి ఏ పదవి నప్పుతుందో తేల్చే మీటింగని మాకు తెలీదు. తెలిస్తే ఆ రోజు వెళ్ళేవాళ్ళం కాదు. మేం మా బంద కోసం వెళ్ళాం.

మా వైపు బంద అంటే చిన్న చెరువు. తగరపువలస నుంచి లోపలికి వెళితే మా ఊరు, ఊరు దాటగానే బంద. వానలకి నిండిందంటే కింద ఉన్న మళ్ళన్నీ తడుస్తాయి. గేదెలు మధ్యాహ్నం అందులోనే పడుకుంటాయి. గోగు కోసిన రోజుల్లో కట్టలు అందులోనే నానేస్తాం. అప్పుడు ఊరంతా కంపు కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు, మాకు మాత్రం నార బాగా వస్తుందని కడుపు చల్లగా ఉంటుంది. నా పొలం చెక్క ఆ బంద కిందే. బంద లేకపోతే అది ఒట్టి నేల.

పక్క భూములు కొన్న కంపెనీ ఒకటి గోడౌన్లు కడతానంటూ వచ్చింది. బంద కూడా తనదే అంది. టిప్పర్లలో ఎర్ర గ్రావెల్ తెచ్చి గట్టు మీద పోసింది. ఊరంతా వెళ్ళి అడ్డం కూర్చున్నాం. అప్పట్నించి ఇంటికొకరం వంతులేసుకుని గట్టు మీదే ఉంటున్నాం. జనం కనిపిస్తే టిప్పర్లు రోడ్డు మీదే ఆగిపోతాయి. జనం లేకపోతే వస్తాయి. అదీ సంగతి.

తహసీల్దారు ఆఫీసులో చూస్తామన్నారు. పోలీసులు కోర్టుకు పొమ్మన్నారు. ఇక రమణమూర్తి అందుకున్నాడు. నాకు వరసకి బావ, ఒకప్పుడు వార్డు మెంబరు. నేను రోజంతా మాట్లాడేది అతను చుట్ట వెలిగించుకునేలోపు మాట్లాడేస్తాడు.

"శివరామకృష్ణగారున్నారు కదా బావా. సొంత పార్టీనే తిట్టినోడు, ఈ కంపెనీవోడికి బయపడతాడేటి?"

నాకూ నిజమే అనిపించింది. ఆయన అలాంటి మనిషే. పంచె తప్ప కట్టడు. ఇంటి ముందు ఆవు. బీచ్‌లో రాత్రి కచేరీలు పెడతామంటే తన పార్టీవాళ్ళ మీదే విరుచుకుపడి ఆపించాడు. బార్లకి పర్మిషన్లిస్తుంటే మీటింగులో కండువా తీసి బల్ల మీద కొట్టి లేచిపోయాడు. మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాడు. ఒకసారి పార్టీ గుర్తు మీద, ఒకసారి ఏ పార్టీ గుర్తూ లేకుండా, ఒకసారి అంతకుముందు తిట్టిన పార్టీ మీద. మా పక్క ఊళ్ళో కల్వర్టు తెరిచిన రోజు ఇంజనీరొకాయన మైకులో 'స్ట్రీమ్' అంటే, మైకు లాక్కుని, "గెడ్డ అనవయ్యా. మా నీళ్ళకి మా పేర్లున్నాయి" అన్నాడు. మేం ఈలలు వేశాం. నేను ఈల వేసిన మీటింగు అదొక్కటే.

కిందటి ఎన్నికల్లో పొత్తు కుదిరి ఆయన సీటు వేరేవాళ్ళకి పోయింది. బదులుగా ఏదో పదవి ఇస్తామన్నారని విన్నాం. ఇచ్చినా ఇవ్వకపోయినా ఆయన నోరు ఆయనదే కదా అనుకుని బస్సెక్కాం. నేను, రమణమూర్తి, జోగమ్మ అప్ప. జోగమ్మ నా పెద్దమ్మ కూతురు. మొగుడు లేడు. గేదెల మీదే బతుకు. "నాను రాకపోతే మీ ఇద్దరూ టీ తాగి ఒచ్చీసినట్టే" అని తనే బయల్దేరింది.

మద్దిలపాలెంలో దిగి ఆటోలో పెదవాల్తేరు వెళ్ళాం. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. లోపల హాలు నిండా జనం. గోడ మీద పెద్ద బోర్డు: 'ఈ ఇంట తెలుగే మాట్లాడవలెను.' దాని కింద ఉయ్యాలబల్ల మీద ఆయన, కాలు మీద కాలు, నోట్లో కిళ్ళీ. పక్కన ఒక పెద్దాయన ఇత్తడి గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఉమ్మినప్పుడల్లా గిన్నె గడ్డం కిందికి తీసుకెళ్ళి, తర్వాత తువ్వాలుతో గడ్డం తుడుస్తున్నాడు. ఆ పెద్దాయన తహసీల్దారుగా చేసి రిటైరయ్యాడని రమణమూర్తి చెవిలో చెప్పాడు. నేను గిన్నె వైపు చూడకూడదనుకున్నాను. చూపు అక్కడికే పోయింది.

మమ్మల్ని ఒక మూల కూర్చోబెట్టారు. చేతికి ప్లేట్లు ఇచ్చారు. పెసరట్టు చల్లారిపోయి ప్లేటుకి అంటుకుంది.

మాటంతా ఇద్దరే నడుపుతున్నారు. ఒకడు సాయిశంకర్, ఆయన మీడియా పనులు చూస్తాడు, గుంటూరు వైపు మాట. రెండో మనిషి పార్టీ పెద్దలు పంపిన ఉమామహేష్. తెల్ల చొక్కా, నెమ్మదైన గొంతు. ఎవరేం చెప్పినా "అర్థమైంది" అంటాడు.

"గుడి బోర్డు చైర్మన్ అయితే సార్‌కి కుదురుతుంది. బొట్టు, పంచె, ఫోటోలో నిండుగా ఉంటారు" అన్నాడు సాయిశంకర్.

"గుడి వద్దయ్యా" అన్నాడాయన. "దర్శనం లెటర్లు రాయడానికే చెయ్యి పడిపోతుంది. ఈవో ఊ అంటే గానీ కొబ్బరికాయ కొట్టనివ్వరు."

"రాజ్యసభకి..." అన్నారెవరో.

"ఢిల్లీలో నన్నెవడు గుర్తుపడతాడు? ఇక్కడ తిడితే పేపర్లో వస్తుంది. అక్కడ తిడితే మైకు కట్టేస్తారు."

"మేయర్, సార్?"

"మేయరంటే జనం కాలవలు తియ్యమని ఇంటి మీదకి వస్తారు."

"టూరిజం?"

అక్కడ మాత్రం ఆయన కాస్త ఆగాడు. "బీచ్‌లో కచేరీలు ఆపించింది నేను. ఆ కుర్చీలో కూర్చుంటే నేనే రిబ్బన్ కత్తిరించాలి. జనం నవ్వరూ?" అని కిళ్ళీ అటు నుంచి ఇటు మార్చి, "ముందూ వెనకా తిరిగే బళ్ళు ఎన్నిస్తారు దానికి?" అన్నాడు.

"భాషా సలహాదారని ఒకటుంది" అన్నాడు ఉమామహేష్.

"అది రిటైరైన మాస్టార్లకి ఇచ్చేది. ఎస్కార్ట్ కూడా ఉండదు. ప్రోటోకాల్‌లో ఎక్కడో చివర నిలబెడతారు. నాకు పదవి మీద యావ లేదు ఉమామహేష్‌గారూ. నాకు కావాల్సింది ధర్మం. కాకపోతే కేబినెట్ ర్యాంక్ లేకపోతే ఆ ధర్మం చెప్పినా ఎవడూ వినడు."

"అర్థమైంది" అన్నాడు ఉమామహేష్.

కేబినెట్ ర్యాంక్, ఎస్కార్ట్, ప్రోటోకాల్. ఆ బోర్డు కిందే కూర్చుని ఈ మాటలు. ఏ కుర్చీలో కూర్చుంటే ఏం పని చెయ్యాలో ఒక్కరూ అనలేదు. మేం ఎద్దుకి కాడి చూసేటప్పుడు మెడ ఎంత బరువు లాగుతుందో చూస్తాం. ఇక్కడ మెడ మీద బరువే పడని కాడి కోసం వెతుకుతున్నారు. ఎద్దు ఉయ్యాల ఊగుతోంది.

పెసరట్టు కింద పెట్టేశాను.

"ఓరి సూరీ, ఇదేటి సంబందం సూసినట్టు సూత్తన్నారు?" అంది జోగమ్మ అప్ప, నా చెవిలో గుసగుసగానే గానీ పక్కవాళ్ళకి వినబడేలా. "ఈ పిల్ల నల్లగున్నాది, ఈ పిల్ల పొట్టిగున్నాదనీ."

సాయిశంకర్ తల తిప్పి మమ్మల్ని చూశాడు. "మీరెవరండీ? ఏ ఊరు?"

రమణమూర్తి లేచి ఊరి పేరు చెప్పాడు. "మా బంద కోసం ఒచ్చాం బాబూ."

"బంద్ కోసమా?" సాయిశంకర్ మొహం విప్పారింది. "సార్ కోసం?"

"సారుతో సెప్పుకుందామనే. ఊరంతా కూకునున్నాం బాబూ, పగలూ రాత్రీ."

"ఊరంతానా! ఎప్పట్నించి అండీ బంద్?"

"మా తాతల నాటి నించీ ఉన్నాదది."

"చూశారా సార్, తాతల నుంచి మీ వెంటే!" అన్నాడు సాయిశంకర్, ఉమామహేష్‌కి కూడా వినబడాలని గొంతు పెంచి. "ఎల్లుండి బంద్‌కి ఊళ్ళో ఎవరెవరు దిగుతారు?"

"అందరం దిగుతాం. గేదెలు కూడా దిగుతాయి" అంది జోగమ్మ.

హాల్లో నవ్వులు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. గేదెల్ని కూడా రోడ్డెక్కిస్తారట సార్ కోసం అని ఎవరో అన్నారు. రమణమూర్తికి ఏమీ అర్థం కాలేదు గానీ చప్పట్లు కొడితే దండం పెట్టడం అలవాటు, పెట్టాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన పుట్టిన ఊరు మా ఊరికి దగ్గరే, పద్మనాభం దారిలో. ఆ ఊరికీ బంద ఉంది. చిన్నప్పుడు ఈతలు కొట్టే ఉంటాడు. మా మాట వినగానే నమలడం ఆపాడు. నా కళ్ళలోకి చూశాడు. అర్థమయ్యిందని నాకు తెలిసిపోయింది. ఇప్పుడు చెబుతాడు, ఆ ఇంజనీరుకి చెప్పినట్టు చెబుతాడు అనుకున్నాను.

మళ్ళీ నమలడం మొదలెట్టాడు. "విన్నారు కదా ఉమామహేష్‌గారూ. నేను పిలవలేదు, అడగలేదు. ఊళ్ళకి ఊళ్ళే బంద్ అంటున్నాయి. పెద్దలకి చెప్పండి."

నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. అయినా లేచాను.

"బంద్ కాదండి. బంద."

సాయిశంకర్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన మాత్రం మురిపెంగా నవ్వాడు.

"మా ఉత్తరాంధ్ర యాస అండీ ఇది" అన్నాడు ఉమామహేష్ వైపు తిరిగి. "ఏ మాటనీ పొల్లుగా ఒదలరు మావాళ్ళు, చివర ఒక అచ్చు కలుపుతారు. బస్‌ని బస్సు అన్నట్టే బంద్‌ని బంద అంటారు. ఎంత తియ్యగా ఉందో చూశారా? ఈ యాసని బతికించుకోవాలండీ మనం."

"అర్థమైంది" అన్నాడు ఉమామహేష్. ఈసారి నిజంగానే మెచ్చుకున్నట్టు తల ఊపాడు. "భాష మీద మీకున్న పట్టు..." అన్నాడు.

గిన్నె గడ్డం కిందికి వచ్చింది. ఆయన ఉమ్మాడు.

ఆ తర్వాత మమ్మల్ని పెరట్లోకి పిలిపించాడు. ఆవు దగ్గర నిలబడి, నా పేరడిగి, భుజం మీద చెయ్యేశాడు. అక్కడ హాల్లో మాట్లాడిన మాట కాదు, మా మాటే మాట్లాడాడు.

"కోపమొచ్చిందేట్రా? బందంటే నాకు తెల్దేటి? నానూ ఆ బురదలో పెరిగినోడినే. ఇప్పుడు నా సేతిలో ఏటున్నాది సెప్పు? పదివి లేనోడు ఫోన్ సేత్తే ఎవుడెత్తుతాడు? పదివి రానీ. ఒక్క ఫోను. మీ బంద జోలికెవుడొత్తాడో సూత్తాను."

"ఆ ఫోనేదో ఇప్పుడే సేసి సూడండి బాబూ, ఎత్తకపోతే అప్పుడే సూద్దాం" అంది జోగమ్మ.

"అమ్మా, నాకు రాజకీయం నేర్పుతావేటి?" నవ్వాడు. "ఎల్లుండి బంద్‌కి పూర్ణా మార్కెట్ దగ్గరికి ఊరంతా రండి. వ్యాన్లు నానే పంపుతాను."

భుజం మీద చెయ్యి తీశాడు. తడిగా ఉంది ఆ చెయ్యి. కిళ్ళీ వాసన.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో రమణమూర్తి ఒకటే లెక్కలు. ఆయనకి పదవి వస్తే మన పని అయిపోయినట్టే బావా అని. నేను అడిగాను, "అందరం ఎల్తే గట్టు మీద ఎవురుంటారు?"

"ఒక్కపూటే కదా బావా. తక్కువ మందిమి ఎల్తే ఆయనకి కోపమొత్తాది."

"వంతు ఒగ్గకూడదు."

"నువ్వెప్పుడూ ఇంతే. అంత పెద్దమనిషి నోరు తెరిసి అడిగితే గేదెల్ని కాసుకుంటామంటామేటి?"

ఊరు రమణమూర్తి మాటే విన్నది. బంద పోతే అందరికీ పోతుంది, ఫోను చేసే మనిషి ఒక్కడే ఉన్నాడు మరి. చివరికి మగవాళ్ళంతా వ్యాన్లెక్కేలా, జోగమ్మ అప్పతో కొందరు ఆడవాళ్ళు గట్టు మీద ఉండేలా ఒప్పుకున్నారు. నన్ను ఉండనివ్వలేదు. 'ఆ రోజు లేచి మాట్లాడిన పెద్దాయన' తప్పకుండా రావాలని సాయిశంకర్ ఫోన్ చేశాడట. నేను వెళ్తే ఆ ఫోను సంగతి దగ్గరుండి అడగొచ్చనుకుని ఎక్కాను.

పూర్ణా మార్కెట్ వీధి మొదట్లోనే మా చేతులకి బ్యానరు ఇచ్చారు. శివరామకృష్ణగారికి న్యాయం జరిగేవరకు బంద్, ఇట్లు మా ఊరి ప్రజలు అని మా ఊరి పేరు పెద్ద అక్షరాలతో. మా పేరు అంత పెద్దగా రాసి ఉండడం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని పట్టుకుని నడవడం అంత సిగ్గుగానూ ఎప్పుడూ లేదు.

పార్టీ కుర్రాళ్ళు ముందు నడుస్తూ షట్టర్లు దించేస్తున్నారు. పప్పుల కొట్టతను తూకం మధ్యలో ఉన్నాడు. కాటాలో కందిపప్పు ఉండగానే షట్టరు లాగేశారు. అతను లోపల, అతని పప్పు కొనేవాడు బయట. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. చేపలమ్మే వైపు ఒకామె గంప ముందు నుంచి లేవలేదు. నడివయసు మనిషి. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు "లెగవే పోతమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు.

"ఎందుకు లెగాల? యారాడ నించి కొండ దాటుకుని తెచ్చినాను. ఎండెక్కితే సేప ఆగుతాదేటి?" అని, ఎదురుగా బ్యానరు పట్టుకున్న నన్ను పట్టుకుంది. "ఏ ఊరయ్యా మీది? మీ బాబుకి పదివి రాకపోతే నా సేపలేటి సేసినాయి?"

నేను బ్యానరు అంచు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాను.

"మాటాడవేం? ఏటి కావాల మీ ఊరికి?"

"బంద" అన్నాను.

"సేత్తన్నారు కదా! ఇంకా కావాలేటి?"

"నీళ్ళ బందమ్మా. కంపెనీవోళ్ళు కప్పేత్తన్నారు."

"ఓలమ్మ! నీళ్ళ బందా?" అంది. మా బ్యానరు కింద నుంచి పైదాకా చూసింది. "మరి అక్కడ కూకోవాల గానీ, ఇక్కడ నా గంప మీద పడ్డారేటయ్యా?"

చదువూ బోర్డూ లేని మనిషికి ఒక్క మాటలో తెలిసింది. గంప మీద గోనె తడిపి కప్పుకుని, మమ్మల్ని తిడుతూనే వెళ్ళిపోయింది. తిట్టినంతసేపూ అక్కడే నిలబడ్డాను. ఆ తిట్లు నాకు రావాల్సినవే.

ఎండ బాగా ఎక్కాక జోగమ్మ ఫోన్ వచ్చింది.

"సూరీ! టిప్పర్లొచ్చినాయిరా! మగోళ్ళు లేరని ఎవుడు సెప్పినాడో, వరసగా ఒచ్చేత్తన్నాయి! బేగి రండ్రా!" వెనకాల ఇంజన్ల మోత, ఆడవాళ్ళ కేకలు.

బ్యానరు పక్కవాడి చేతిలో పెట్టి ఆయన దగ్గరికి పరిగెత్తాను. పైకప్పు లేని జీపు మీద నిలబడి ఉన్నాడు, మెళ్ళో దండలు. జనాన్ని తోసుకుని జీపు పట్టుకునేసరికి టపాకాయలు పేలాయి. ఏమిటో అర్థం కాలేదు. సాయిశంకర్ మైకులో అరుస్తున్నాడు: తెలుగు భాషా సంస్కృతుల సలహాదారు, కేబినెట్ హోదాతో! బంద్ విరమిస్తున్నాం!

జీపు పక్కనే ఉమామహేష్ నిలబడి చెబుతున్నాడు. "ఆ రోజు యాస గురించి మీరు వివరించిన తీరు పెద్దలకి చెప్పానండీ. ఇంతకంటే తగిన మనిషి దొరకడన్నారు. హోదా కూడా పెంచారు."

"నేనెప్పుడూ అడగలేదు" అన్నాడాయన. "భాష పిలిచింది, వెళ్తున్నాను. ఎస్కార్ట్ ఇవాళ్టి నుంచేనా?"

నన్ను చూశాడు. "ఇదిగో మా అప్పలసూరి! వీడి నోటి మాట వల్లే!" అంటూ తను కొరికిన లడ్డూలో మిగిలిన సగం నా నోట్లో పెట్టబోయాడు. నేను నోరు తెరవలేదు. అది పెదాలకి తగిలి చొక్కా మీద రాలింది.

"బాబూ, టిప్పర్లు ఒచ్చేసినాయి. బంద కప్పేత్తన్నారు. ఆ ఫోను..."

ఆయన వంగి, నవ్వు చెదరకుండా చెప్పాడు. చుట్టూ కెమెరాలున్నాయి కనక మా మాట కాకుండా హాల్లో మాటే మాట్లాడాడు.

"అప్పలసూరీ, నాది భాషా శాఖ. బంద నీటిపారుదల కిందికి వస్తుంది. మరొకరి శాఖలో వేలు పెట్టడం మర్యాద కాదు. ఒక పద్ధతంటూ ఉంటుంది కదా."

జీవితమంతా ఏ పార్టీ హద్దూ ఒప్పుకోని మనిషి. కండువాలు బల్లకేసి కొట్టిన మనిషి. పదవి వచ్చి టపాకాయ పొగ కూడా పోకముందే హద్దు నేర్చుకున్నాడు. ఇన్నాళ్ళూ అడ్డం తిరిగింది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఊరికే దారికి అడ్డంగా పడుకున్న గేదె లాంటిది కాదది. తనని లేపాలంటే తవుడు పెడతారని తెలిసి పడుకున్న గేదె. జీపు వదిలేశాను. ఏ పదవికి సరిపోతాడని అంతమంది తల బద్దలు కొట్టుకున్నారు. సరిగ్గా సరిపోయేదే దొరికింది. మాటని ఎటు కావాలంటే అటు వంచగలిగినవాడికి మాటల కొలువే ఇచ్చారు.

"బావా, పోదాం" అన్నాను రమణమూర్తితో.

వ్యాన్లు లేవు. డ్రైవర్లు ఊరేగింపుకి వెళ్ళిపోయారు. ఆటోలు మాట్లాడుకుని, ఒకరి మీద ఒకరం కూర్చుని బయల్దేరాం. తగరపువలస దాకా రమణమూర్తి డ్రైవర్ని తొందరగా పోనిమ్మంటూనే ఉన్నాడు.

బంద ఒక పక్కంతా ఎర్రగా ఉంది. గ్రావెల్ నీళ్ళలోకి జారి నీళ్ళు కూడా ఎర్రబడ్డాయి. తామరాకులు నలిగి పైకి తేలాయి. గట్టు మీద టిప్పర్లు వరసగా ఆగున్నాయి, ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. అవతలి సగం ఇంకా మిగిలే ఉంది.

మిగిలిన ఆ నీళ్ళ నిండా గేదెలు. ఊళ్ళో గేదెలన్నీ అక్కడే ఉన్నాయి. వాటి మధ్య నడుం లోతులో జోగమ్మ అప్ప, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మొహం మీద బురద. మిగతా ఆడవాళ్ళు అటూ ఇటూ తోకలు పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళ మీద గ్రావెల్ పోస్తారు గానీ, గేదె మీద ఎవడు పోస్తాడు?

డ్రైవరొకడు గట్టు మీద గొంతుక్కూర్చుని బతిమాలుతున్నాడు. "పైకి తోలండమ్మా. మా ట్రిప్పులు అయిపోవాలి."

"ఎండకి తాపం బాబూ వాటికి. నా మాట ఇనవు. నువ్వు దిగి సెప్పు" అంది జోగమ్మ. మమ్మల్ని చూసింది. "ఒచ్చినారేటి? పదివి ఒచ్చిందంట కదా మీ బాబుకి. ఏటది?"

"భాషకంట" అన్నాడు రమణమూర్తి నేల చూస్తూ.

"భాషకా? ఆయన్ని తీసుకురావలిసింది. ఈ గేదెలకి అర్దమయ్యేలాగ సెప్పి పైకెక్కించును."

ఆడవాళ్ళు నవ్వారు. ఏడ్చి ఏడ్చి ఉన్న మొహాలు అవి. డ్రైవరు కూడా నవ్వబోయి ఆగాడు.

రమణమూర్తి ఫోన్ మోగింది. సాయిశంకర్. రేపు సన్మానం, జనాన్ని తీసుకురావాలని. గొంతు బయటికి వినబడుతోంది. రమణమూర్తి కాసేపు విన్నాడు. "కుదరదు బాబూ" అన్నాడు. "మేం రాం." అటు నుంచి ఇంకా ఏదో వస్తుండగానే నొక్కేశాడు. మెళ్ళో వాళ్ళిచ్చిన కండువా ఉంది. తీసి ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా.

"దిగవేం?" అంది జోగమ్మ. "బట్టలు మాసిపోతాయేటి?"

అతను దిగాడు. ప్యాంటు మడవలేదు. అతని వెనక మిగతా మగవాళ్ళు దిగారు.

నేను చొక్కా విప్పాను. లడ్డూ రాలినచోట జిడ్డు మరక, అప్పుడే చీమలు పట్టాయి. దాన్ని గట్టు మీద పడేసి నీళ్ళలోకి వెళ్ళాను. పైన వెచ్చగా, కింద చల్లగా ఉంది. కాలి కింద గ్రావెల్ గుచ్చుకుంది. గ్రావెల్ ఎక్కడిదాకా పోయిందో కాలితో తడుముకుంటూ నడిచాను. గేదెల దగ్గరికి వచ్చేసరికి మెత్తటి బురద తగిలింది. అక్కడ ఆగి, టిప్పర్ల వైపు తిరిగి నిలబడ్డాను. ఒక గేదె నా మోచేతికి మూతి రుద్దింది. గట్టు మీద ఒక ఇంజను ఆగింది. మిగతావి ఆగలేదు.